రెండు గీతల సంధి

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌కు 40 ఫ్లాట్లు. సంఘం సమావేశానికి వెళ్లని పాపానికి మెయింటెనెన్స్ లెక్కలు నా నెత్తిన పడ్డాయి.

లెక్కలు దాచే డేటాబేస్‌ను మూడేళ్లు మైఎస్‌క్యూఎల్‌లో నడిపి, పాత ల్యాప్‌టాప్ కన్నుమూశాక పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌కు మారాను. లెక్క చిన్నదే: 2000 లోంచి కట్టినది తీసేసి, ఫలానా ఫ్లాటు బాకీగా రాయాలి. డేటాబేస్‌కు పంపే ఆదేశ వాక్యంలో నా ప్రోగ్రాం మైనస్ గీతకు ఆనించి కట్టిన మొత్తాన్నీ, వరుస చివర ఫ్లాటు నంబరునూ అతికిస్తుంది. మధ్యలో ఖాళీ ఉంచలేదు. కూకట్‌పల్లిలో ఖాళీ జాగా వదిలే అలవాటు ఎవరికుంది?

ఆ నెల 302 మాస్టారి 300 రూపాయల చెక్కు వెనక్కి వచ్చింది. కట్టిన పద్దులో -300 అని వేశాను. వాక్యంలో అది 2000--300 అయింది. మైఎస్‌క్యూఎల్ అయితే 2300 అనేది. రెండు గీతల తర్వాత ఖాళీ ఉంటేనే దానికది కామెంటు, అంటే అమలు చేయకుండా వదిలేసే రాత. పోస్ట్‌గ్రెస్‌కు ఆ మొహమాటం లేదు. రెండు గీతలు ఆనుకుని కనబడితే చాలు, ఆ వరుసలో మిగిలినదంతా రాసినవాడి సొంత గొడవ అనుకుని వదిలేస్తుంది. 300తో పాటు ఫ్లాటు నంబరూ ఎగిరిపోయింది. ‘బాకీ 2000’ అన్న ముక్క మిగిలింది, అదీ అందరికీ.

రాత్రి 11 గంటలకు 40 ఫ్లాట్లకూ సందేశాలు వెళ్లాయి. బిల్డరు అమ్మకుండా ఉంచుకున్న ఫ్లాటుకు కూడా. ఏడాది సొమ్ము ముందే కట్టేసిన కార్యదర్శి గారు రసీదుల ఫైలుతో లుంగీ మీదే దిగివచ్చారు.

సంతోషించింది మాస్టారు ఒక్కరే. రిటైరైన తెలుగు పండితులు. జరిగింది చెబితే శ్రద్ధగా విన్నారు.

“సంధి అన్నమాట. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. మాకు మధ్యలో ఉన్న ఉకారం ఒక్కటే పోతుంది నాయనా, మీకు వెనకున్న వాక్యమంతా పోయిందా?”

“పోయిందండీ.”

“మరి నా మూడొందలు?”

నిన్నటి నకలు ఉండబట్టి బతికాను. పాత లెక్కలు ఎక్కించి, రెండు గీతల మధ్య ఒక్క ఖాళీ పెట్టి మళ్లీ నడిపాను. మాస్టారి ఫోను మోగింది: బాకీ 2300.

ఆయన కళ్లజోడు సవరించుకుని తెర వంక చూశారు.

“విసంధి దోషం,” అన్నారు.