ఏసీ ముందు పలక పెడితే ఉక్క పోదు

ఎండలు ముదరగానే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరగడం మొదలైంది. వారం గడవకుండానే అది చుట్టాల గ్రూపులోకీ, అమ్మ వాళ్ల భజన గ్రూపులోకీ వచ్చేసింది. ఏసీలోంచి గాలి వచ్చేచోట ఒక ప్లాస్టిక్ పలక బిగించమంటారు. దాన్ని ఎయిర్ డిఫ్లెక్టర్ అంటున్నారు. అది పెడితే గది రెండింతల వేగంగా చల్లబడుతుందట. కరెంటు బిల్లు సగానికి వస్తుందట. ఉక్కపోత పోతుందట. కీళ్లనొప్పులు, రొంప రావట. ఏ ఏసీకైనా సరిపోతుందట, కొనే స్తోమత లేకపోతే అట్టముక్క అతికించినా అదే ఫలితమట.

ఇందులో ఏ ఒక్కటీ చెప్పినట్టు నిలబడదు. ఆ పలక చేసే మేలు ఒకటి ఉంది. మనిషి మీద నేరుగా కొట్టే చల్లగాలిని పక్కకు తిప్పుతుంది. అది మంచి పనే. ఆ ఒక్క మాట మాత్రం వీడియోలో ఎక్కడా లేదు.

ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం మా అమ్మ. తను ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. పడకగది చిన్నది, ఏసీ సరిగ్గా తలగడ వైపు గోడకు ఉంది. పొద్దున్న లేచేసరికి మెడ పట్టేస్తోందంటే, ఆ వీడియో నమ్మి నేనే పలక కొని బిగించాను. మూడో రోజు రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, మొహం మీద నీళ్లు పడుతున్నాయిరా" అంది. వెళ్లి టార్చి వేసి చూస్తే పలక అడుగున చెమట పట్టినట్టు సన్నని బొట్లు. ఒకదాన్నొకటి కలుపుకుంటూ అంచుకు జారుతున్నాయి. అంచు మధ్యలో ఒకచోట చేరి, ఆగి, తలగడ మీద పడుతున్నాయి. డెబ్బై దాటిన మనిషి ఆ రాత్రి తెల్లారేదాకా హాల్లో ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుంది. ఒక ఫార్వర్డ్‌ని నమ్మి నేను ఆమెకు చేసిన మేలు ఇది. ఆ పరిస్థితి ఇంకో ఇంట్లో రాకూడదని రాస్తున్నాను.

ముందు గది త్వరగా చల్లబడుతుందన్న మాట. అసలు తప్పంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇలాంటి పలకలు అమెరికా లాంటి దేశాల ఇళ్లలోనూ వాడతారు. అక్కడ చాలా ఇళ్లలో చల్లదనానికీ వేడికీ ఒకటే పెద్ద యంత్రం ఉంటుంది. అది నేలమాళిగలోనో అటక మీదో ఉంటే, రేకు గొట్టాల ద్వారా గాలి గదిగదికీ వెళ్తుంది. గదిలో కనిపించేది నేల మీదో కప్పులోనో ఉన్న ఒక జాలీ మాత్రమే. ఆ జాలీ సోఫా కిందకో కర్టెన్ వెనక్కో వస్తే గాలి అక్కడే ఆగిపోతుంది. పలక పెడితే గాలి గది మధ్యకు వస్తుంది. గాలి వెనక్కి వెళ్లే జాలీ వేరేచోట ఉంటుంది, ఎంత చల్లగా ఉందో చూసే థర్మోస్టాట్ వేరే గోడ మీద ఉంటుంది. కాబట్టి పలక వల్ల యంత్రం మోసపోయే అవకాశం తక్కువ. ఆ ఇళ్లలో పలక ఉపయోగపడే మాట నిజం.

మన స్ప్లిట్ ఏసీ అలాంటిది కాదు. గాలి లోపలికి పీల్చేదీ బయటికి వదిలేదీ ఒకే పెట్టె. చాలా మోడళ్లలో పైభాగాన ఉన్న జాలీలోంచి గది గాలి లోపలికి పోతుంది, కింది అంచు నుంచి చల్లగాలి బయటికి వస్తుంది. రెండింటికీ మధ్య జానెడో, ఇంకొంచెమో దూరం. గది ఎంత చల్లబడిందో కొలిచే సెన్సర్ కూడా ఆ పెట్టెలోనే, లోపలికి పోయే గాలి దారిలోనే ఉంటుంది. ఇప్పుడు కింది అంచు ముందు పలకను పైకి వాల్చి పెట్టారనుకోండి. వచ్చిన చల్లగాలిలో కొంత పైకి లేచి, గదిలోకి పోకుండానే మళ్లీ జాలీలోకి వెళ్లిపోతుంది. సెన్సర్‌కు చల్లగా తగులుతుంది. గది చల్లబడిందనుకుని కంప్రెసర్ నెమ్మదిస్తుంది. మంచం దగ్గర మాత్రం ఉక్కపోత అలాగే ఉంటుంది.

ఇది నా ఊహ కాదు, కళ్లారా చూశాను. అమ్మ పూజగదిలోంచి అగరబత్తి తెచ్చి వెలిగించి, స్టూలెక్కి పలక అంచు దగ్గర పట్టుకున్నాను. పొగ గదిలోకి తిన్నగా సాగాలి కదా. సగం పొగ అలాగే వెళ్లింది. మిగతా సగం పలక అంచు దాటగానే వెనక్కి మెలితిరిగి, ఏసీ ముఖాన్ని రాసుకుంటూ పైకి పాకి, జాలీలోకి దూరిపోయింది. పలకను అడ్డంగా, నేలకు సమాంతరంగా దించగానే పొగ మొత్తం అవతలి గోడ వైపు పోయింది. మీ ఇంట్లో పలక ఉంటే ఈ రాత్రే ఇలా చూడండి. ఒక్క నిమిషం పని.

ఇంకో సంగతి. పలక గాలికి బాగా అడ్డుపడితే లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీదుగా పోయే గాలి తగ్గుతుంది. కాయిల్ మరీ చల్లబడి దాని మీద మంచు కట్టొచ్చు. ఆ మంచు కరిగినప్పుడు కాయిల్ కింది ట్రేలో పట్టక నీళ్లు గోడ మీదికి కారతాయి. మా ఇంటికి వచ్చే మెకానిక్ ఒకటే అన్నాడు: "గాలి ఎల్లే దారి మీరే మూసేసి, చల్లదనం రాట్లేదంటే ఎలాగండీ?"

నిజానికి చల్లగాలిని తల మీద పడకుండా పంపే ఏర్పాటు ఏసీలోనే ఉంది. రిమోట్‌లో స్వింగ్ బటన్ నొక్కి, గాలి వచ్చేచోట పైకీ కిందికీ ఊగే రెక్క పైమెట్టు దగ్గర ఉన్నప్పుడు ఆపేయండి. గాలి దాదాపు అడ్డంగా వస్తుంది. అలా వచ్చిన గాలి కప్పును అంటుకుని కొంతదూరం సాగి, అవతలి గోడ దగ్గర మెల్లగా దిగుతుంది. గాలి దగ్గర్లో ఉన్న ఉపరితలాన్ని అంటుకుని సాగడాన్ని కొవాండా ఎఫెక్ట్ అంటారు, హెన్రీ కొవాండా అనే రుమేనియా ఇంజనీరు పేరు మీద. చల్లగాలి బరువైనది కాబట్టి దాన్ని కిందికి తోయక్కర్లేదు, అదే దిగుతుంది. పైసా ఖర్చు లేని ఈ పని చేసి చూడకముందే పలక కొన్నాను. మీరు ఆ తప్పు చేయకండి.

ఇక ఉక్కపోత. విశాఖలో ఉన్నవాళ్లకు దీని గురించి వేరే చెప్పాలా? మనల్ని ఏడిపించేది వేడి కన్నా తేమ. ఒంటి మీద చెమట ఆరదు, అదీ బాధ. ఏసీ ఆ తేమను తీసేది గాలిని చల్లని కాయిల్ మీదుగా పంపి. గాలిలోని నీటి ఆవిరి ఆ కాయిల్ మీద బొట్లుగా మారి డ్రెయిన్ పైపులోంచి బయటికి పోతుంది. బాల్కనీలో పైపు కింద పెట్టిన బకెట్ తెల్లారేసరికి నిండేది ఆ నీళ్లతోనే. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం మొదటి ఏసీ రూపొందించింది కూడా తేమ గొడవ తీర్చడానికే. తేమకు కాగితం ఉబ్బి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావు. ఈ పనిలో పలకకు వాటా లేదు. దాని మీద తేమ నీరుగా మారినా ఆ నీటికి పైపు లేదు, ట్రే లేదు. కింద ఉన్నది మనమే.

ఆ నీళ్లు ఎందుకు పడతాయో లెక్క చెబుతాను. గది వేడి 30 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం ఉంటే, 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా తడవడం చూస్తూనే ఉంటాం. ఏసీ గాలి తగిలే పలక ఇంచుమించు 14, 15 డిగ్రీలకు చేరుతుంది. పైవైపు చల్లని పొడిగాలి, కిందివైపు గదిలోని తడిగాలి. అందుకే అడుగున చెమట. గంట గడిచి గది 24 డిగ్రీలకు, తేమ 55 శాతానికి దిగితే నీరు పట్టే హద్దు కూడా సుమారు 14 డిగ్రీలకు పడిపోతుంది, పలక ఆరడం మొదలవుతుంది. అంటే ప్రమాదమంతా మొదటి గంటలో, మళ్లీ ఎవరైనా తలుపు తీసినప్పుడు. మన ఊళ్లో సాయంత్రం సముద్రగాలి కోసం కిటికీలన్నీ బార్లా తీసి, తొమ్మిదింటికి మూసి ఏసీ వేసుకునే ఇళ్లు చాలా. ఆ గాలితో వచ్చిన తేమ పరుపులో, కర్టెన్లలో చేరి ఉంటుంది. ఇది ఏసీ కంపెనీలకు తెలియని విషయమేమీ కాదు. తేమ ఎక్కువున్నప్పుడు రెక్కను కిందికి వాల్చి ఎక్కువసేపు నడిపితే రెక్క మీద నీరు పట్టి కారొచ్చని ఏసీతో వచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. వాళ్లు చేసిన రెక్కకే ఆ ఇబ్బంది ఉంటే బయటి నుంచి తగిలించిన పలక సంగతి చెప్పాలా?

బిల్లు సగమవుతుందన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. ఒక టన్ను ఏసీ సుమారు మూడున్నర కిలోవాట్ల చొప్పున వేడిని గదిలోంచి బయటికి తోడగలదు. ఆ వేడి ఎక్కడిది? పగలంతా కాగిన డాబా కప్పుది, పడమటి గోడది, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండది, గదిలో కూర్చున్న ఒక్కొక్క మనిషి ఒంట్లోంచి వచ్చే నూరు వాట్లది. పలక వీటిలో దేన్నీ తగ్గించదు. గాలి తిరిగే దారి మారినంత మాత్రాన తోడాల్సిన వేడి తగ్గదు. ఇందాక చెప్పినట్టు సెన్సర్ మోసపోతే కంప్రెసర్ నెమ్మదించి, మొదట్లో యూనిట్లు కాస్త తగ్గినట్టు కనిపించొచ్చు. కానీ చల్లదనం చాలక ఇంట్లోవాళ్లు రిమోట్ తీసుకుని 20కి దించేస్తారు, లెక్క మొత్తం తిరగబడుతుంది.

నిజంగా బిల్లు తగ్గించేవి వేరే ఉన్నాయి. సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి ఉంది. 26 పెట్టి, సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పుకుంటే చాలామందికి హాయిగా నిద్ర పడుతుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, కరెంటు తక్కువ తినే మోటారున్న కొత్త బీఎల్‌డీసీ రకం 30 దగ్గర. రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగండి. లాసన్స్ బే, పెదజాలరిపేట వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు బయటి యూనిట్ మీద పేరుకునే ఉప్పును మెకానిక్ చేత మంచినీళ్లతో కడిగించండి. ఉప్పు పట్టిన రేకులు వేడిని సరిగ్గా వదలవు, పైగా ఉప్పు వాటిని తినేస్తుంది. పై అంతస్తులో ఉంటే డాబా మీద తెల్ల సున్నం వేయించండి. ఇవేవీ వీడియోకు పనికొచ్చేంత కొత్తవి కావు, పనిచేసేవి మాత్రం ఇవే.

కీళ్లనొప్పులు, రొంప గురించి రెండు ముక్కలు. రొంప వైరస్‌ల వల్ల వస్తుంది, గాలి దిక్కు మార్చితే ఆగదు. పలక కీళ్లవాతానికి మందు కాదు. నొప్పులున్నవాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి. కానీ రాత్రంతా మెడ మీదో భుజం మీదో చల్లగాలి కొడితే కండరాలు బిగుసుకుంటాయి, కళ్లు పొడిబారతాయి. ఈ ఇబ్బంది నిజం. పెద్దవాళ్లకు, పసిపిల్లలకు ఇంకా ఎక్కువ. గాలి తగలకుండా చేస్తే ఉపశమనం ఉంటుంది. అమ్మ విషయంలో చివరికి పనిచేసింది పలక కాదు. బీరువాను అవతలి మూలకు జరిపి, మంచం తిప్పి, తలను ఏసీకి దూరంగా, కాళ్లను అటువైపు వచ్చేలా వేశాం. ఇద్దరు మనుషులు, అరగంట. మెడ పట్టేస్తోందన్న మాట ఆ తర్వాత వినలేదు.

అట్టముక్క మాత్రం వద్దే వద్దు. మన తేమకు వారంలో మెత్తబడి బూజు పడుతుంది, ఆ బూజు మీదుగా వచ్చిన గాలే రాత్రంతా పీలుస్తాం. డబుల్ సైడ్ టేపు కూడా తేమకు ఊడుతుంది. అన్ని ఏసీలకూ సరిపోతుందన్నది కూడా నిజం కాదు. స్వింగ్ రెక్క పూర్తిగా తిరగడానికి చోటు లేకపోతే లోపలి చిన్న మోటారు పళ్లు అరిగిపోవచ్చు.

మంచం జరపడానికి వీల్లేని గదులు ఉంటాయి. అద్దె ఇళ్లలో ఏసీ చోటు మార్చనివ్వరు. ఉయ్యాల కొక్కెం సరిగ్గా ఏసీ కిందే ఉంటుంది. అలాంటప్పుడు పలక పెట్టుకోండి, తప్పులేదు. మడత పడే రకం తీసుకోండి. రెక్క పూర్తిగా తిరిగేంత ఎడం వదలండి. పలకను అడ్డం కన్నా పైకి ఎత్తకండి. ఏసీ వేసిన మొదటి అరగంట, గంట పలక మడిచే ఉంచి, ఫ్యాన్ స్పీడు పెంచి, గది ఆరనివ్వండి. అప్పుడు పలక దించి అగరబత్తి పొగ ఎటు పోతుందో చూడండి. పడుకునే ముందు పలక అడుగున చేత్తో తడమండి. తడి తగిలితే ఆ రాత్రికి దాన్ని మడిచేసి, రెక్కను పైమెట్టు మీద ఆపి పడుకోండి.