పొలమారిన పాఠం

అన్నం తింటూ మా అమ్మాయికి పాఠం చెప్పడం నేను చేసిన మొదటి తప్పు. నోట్లో ముద్ద పెట్టుకుని చెప్పడం రెండోది. ఆ పాఠం ముద్ద మింగడం దాకా వచ్చి ఆగడం మాత్రం పూర్తిగా నా ఖర్మ.

2024 మే 13, పోలింగ్ రోజు రాత్రి. పొద్దున్నే విజయవాడ ఎండలో క్యూలో నిలబడి ఓటేసొచ్చాం. జూన్‌లో పదో తరగతికి వెళ్లాల్సిన మా అమ్మాయి శ్వాసక్రియ పాఠం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. కంచంలో గోంగూర పప్పు, నెయ్యి, ఊరమిరపకాయలు. వాటి ముందు కూర్చుంటే నాకు జ్ఞానం దానంతటదే పొంగుతుంది.

"ఊపిరితిత్తుల్లో వాయుగోణులని బుల్లి బుల్లి గాలి సంచులుంటాయమ్మా. 30 కోట్ల పైమాటే. అన్నీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు!"

"గజాల్లో చెప్పండి," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"80 పైనే."

"పదేళ్లుగా స్థలం కొందామంటున్నారు. ఛాతీలోనే పెట్టుకు తిరుగుతున్నారన్నమాట."

విననట్టు ముద్ద కలిపాను. "ఆ సంచి గోడ మైక్రాన్ కంటే పలచన. ఆక్సిజన్ అందులోంచి జారి రక్తంలో పడుతుంది. అక్కడ హిమోగ్లోబిన్ షేర్ ఆటోలా సిద్ధంగా ఉంటుంది. నాలుగే సీట్లు."

"షేర్ ఆటోలో నలుగురేనా? ఎక్కడ నాన్నా?"

"ఒంట్లో మాత్రమే."

"తిరుగు ప్రయాణంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కుతుందా?"

"కొంచెమే ఎక్కుతుంది. 70 శాతం దాకా బైకార్బనేట్‌గా వేషం మార్చుకుని రక్తంలో కలిసిపోయి వస్తుంది. ఊపిరితిత్తుల దగ్గర వేషం తీసేసి బయటికి పోతుంది. సరే, అసలు గొప్పంతా గొంతులో ఉంది. గాలి గొట్టం మీద ఉపజిహ్విక అని చిన్న మూత. మనం మింగేటప్పుడు అది టక్కున వాలి..."

వాలలేదు. మాట్లాడుతుంటే గాలికి దారి తెరిచి ఉండాలి, మింగుతుంటే మూసుకోవాలి. నేను దానికి ఒకేసారి రెండు ఆర్డర్లూ ఇచ్చాను. ఊరమిరపకాయ గింజ ఒకటి సందు చూసుకుని గాలి దారిలోకి దిగింది.

ఆ తర్వాత నా దగ్గు పక్క ఫ్లాట్ వాళ్లు టీవీ సౌండ్ తగ్గించేంత ఘనంగా సాగింది. అమ్మ పరుగున వచ్చి నడినెత్తిన చరచడం మొదలుపెట్టింది. "ఎవరో తలుచుకుంటున్నార్రా! బందరు మావయ్యా?" దగ్గు. "ఏలూరు పిన్నా?" ఇంకా పెద్ద దగ్గు.

"నాయనమ్మా, నెత్తికీ గొంతుకీ సంబంధం లేదు. దగ్గుతున్నాడంటే గాలి ఆడుతున్నట్టే. దగ్గనీ," అంది అమ్మాయి. అమ్మ చెయ్యి ఆగలేదు, జాబితా కూడా ఆగలేదు. మా బంధువర్గం పెద్దది.

ఈలోగా మా ఆవిడ కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ తెచ్చింది. నా కుడి చెయ్యి నిండా గోంగూర పప్పు. కాబట్టి ఎడమ చూపుడు వేలు పట్టుకుని తగిలించింది. అంకె వెలిగింది. 84.

"అయ్యో, 84 అండీ!" అని ఆవిడ కుర్చీలో కూలబడింది. 2021లో ఆ అంకెలు చూసి భయపడ్డవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నాకు టెన్షన్‌తో దగ్గు ఇంకా ఎక్కువైంది. "108కి ఫోన్ చెయ్యనా? పెద్దక్కా? గుంటూరు వియ్యంకుడా?" అని అమ్మ రెండు పనులూ కలిపి అడిగింది.

అమ్మాయి ఒక్కతే నా వేలు పట్టుకుని చూసింది. గోరు మొదలు కణుపు దాకా నల్లగా ఓటు సిరా.

"అమ్మా, ఇది గోట్లోంచి ఎర్ర వెలుగూ, కంటికి కనపడని పరారుణమూ పంపి, రక్తం దేన్ని ఎంత మింగిందో లెక్కేస్తుంది. ఆక్సిజన్ తక్కువైన రక్తం ఎరుపుని ఎక్కువ మింగుతుంది. ఇక్కడ సిరా మింగేస్తుంటే నాన్న రక్తం మీదికి తోసేసింది. పైగా దగ్గుకి చెయ్యి ఒకటే ఊగుతోంది." అంటూ తీసి ఉంగరం వేలికి పెట్టింది.

సరిగ్గా అప్పుడే అమ్మ, "తెనాలి బావమరిదా?" అంది. గింజ ఎగిరి కంచంలో పడింది. దగ్గు ఆగిపోయింది. మీటర్ మీద 98.

"చూశారా! వాడే!" అంది అమ్మ విజయగర్వంతో.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మా ఆవిడ కుర్చీలోంచి నెమ్మదిగా లేచింది. "మా తమ్ముడు మిమ్మల్ని ఇంత గట్టిగా ఎందుకు తలుచుకుంటున్నాడండీ?"

ఫిబ్రవరిలో వాడి దగ్గర తీసుకుని, మార్చిలో ఇచ్చేస్తానని, అక్కకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్న 40 వేలు నా కళ్ల ముందు మెదిలాయి. వేరే దారి లేక, గుండె పట్టుకుని మళ్లీ దగ్గడం మొదలుపెట్టాను.

అమ్మాయి నా ఉంగరం వేలి వైపు వంగి చూసింది.

"98. నాన్నకేం కాలేదమ్మా. నువ్వు అడుగు."