గ్యాస్ కొట్టడం వేరు, గ్యాస్‌లైటింగ్ వేరు

కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇదీ: "గ్యాస్‌లైటింగ్ అంటే గ్యాస్ కొట్టడమే. మొగుడు దీపాలు తగ్గించి పెళ్ళానికి పిచ్చెక్కించిన కథలోంచి వచ్చింది. డాక్టర్లు పెట్టిన జబ్బు పేరు. మన ఇళ్ళల్లో ఇలాంటివి లేవు." నాలుగు ముక్కల్లోనూ తప్పుంది.

గ్యాస్ కొట్టేవాడు తన గొప్ప చెప్పుకుంటాడు. నమ్మకపోతే వాడి కథ అక్కడితో సరి. గ్యాస్‌లైటింగ్‌కి గురైన మనిషి మాత్రం తన కళ్ళనీ, జ్ఞాపకాన్నీ తానే నమ్మడం మానేస్తుంది. దానికి ఒక్క అబద్ధం చాలదు.

కొబ్బరి దింపు సంగతే తీసుకోండి. రాశి పోసిన కాయలు 1,200 అని భార్య లెక్కపెట్టి పుస్తకంలో రాసింది. భర్త "900లే" అన్నాడు. ఇది ఉత్త బుకాయింపు. రెండు నెలలకి మళ్ళీ దింపు. ఈసారి బీరువాలోని పుస్తకాన్ని తీసి బియ్యం డబ్బాలో పడేసి, "నువ్వే పెట్టి మర్చిపోయావు" అన్నాడు. ఆనక తల్లి దగ్గర, "ఈమధ్య దీనికి మతి నిలవట్లేదమ్మా" అని జాలిపడ్డాడు. మూడో దింపుకి ఆవిడే "మీరే చూసుకోండి, నాకు గుర్తుండట్లేదు" అంది. గ్యాస్‌లైటింగ్ అంటే ఇదీ. ఇందులో అసలు పనిముట్టు ఆ జాలే. దబాయించి ఉంటే ఆవిడ ఎదురుతిరిగేది.

తేడా ఎలా పట్టాలి? నిజంగా పొరపాటు పడ్డవాడు పుస్తకం చూపిస్తే "అవునా" అని లెక్క దిద్దుకుంటాడు. గ్యాస్‌లైటింగ్ చేసేవాడు "ఆ అంకె నువ్వే మార్చావు" అంటాడు. మామూలు వాదులాటలకి ఈ మాట అంటగట్టకండి. అలా అరగదీస్తే, నిజంగా నలిగిపోతున్న మనిషి చెప్పినప్పుడు వినేవాళ్ళుండరు.

ఇక కథ. ఈ మాట పుట్టింది బ్రిటిష్ రచయిత ప్యాట్రిక్ హామిల్టన్ 1938 నాటకం 'గ్యాస్ లైట్' నుంచే. 1944లో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. అందులో భర్త దీపాలు కావాలని తగ్గించడు. నగల కోసం దొంగచాటుగా పై అంతస్తులో వెతుకుతూ అక్కడ గ్యాస్ దీపం వెలిగిస్తాడు, దాంతో అదే గొట్టం మీదున్న కింది దీపం మసకబారుతుంది. చివరికి అతని గుట్టు బయటపెట్టేది ఆ మసకే. మతి చెడగొట్టింది వేరే: గోడ మీది పటం మాయం చేసి, తీసింది నువ్వేననడం.

జబ్బు పేరూ కాదు, ఒకరు మరొకరి మీద చేసే పని పేరు. మాటలతో, మానసికంగా పెట్టే హింస కూడా 2005 గృహహింస చట్టం కిందికొస్తుంది. మహిళల సహాయానికి 181 ఉంది.

మనకి లేదా? మేకని మోసుకెళ్తున్న బ్రాహ్మడికి ముగ్గురు దొంగలు మూడుచోట్ల ఎదురై కుక్క కుక్క అన్న కథ ఏ తెలుగు పిల్లకి తెలీదు! వాళ్ళు మేకని లాక్కోలేదు, ఆయనే దించేశాడు. ఏమార్చడం, మభ్యపెట్టడం అన్న మాటలు దగ్గరికొస్తాయి గానీ సరిపోవు. మతి తప్పించడం అంటే కొంత నయం.

అనుమానం తగిలితే వాదించకండి. ఆ పూటే తేదీతో సహా లెక్క రాసి, ఆ పేజీ ఫోటో తీసి, నమ్మకమున్న అక్కకో వదినకో పంపండి. పుస్తకం డబ్బాలోకి చేరినా, అంకె మారినా ఆ ఫోటో అలాగే ఉంటుంది.