14 మంది అని నవ్వేముందు నికోడెమస్ లెక్క చూడండి

"అమెరికాలో 14 మందే ఉన్న దెయ్యాల ఊరు" అంటూ రీల్స్ తిప్పేవాళ్లకి ఒక దణ్ణం. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు కాన్సాస్ రాష్ట్రంలో కట్టుకున్న నికోడెమస్‌కి 2020 జనాభా లెక్కలు ఇచ్చిన అంకె 14, నిజమే. వాళ్లకి చేతకాక ఊరు ఖాళీ అయిందంటూ దాని చుట్టూ అల్లుతున్న కథే తప్పులతడక.

ముందు తేదీలు సరిచేసుకుందాం. దక్షిణాది నుంచి నల్లజాతివాళ్లు గుంపులు గుంపులుగా కాన్సాస్‌కి కదిలింది 1879లో. వాళ్లని ఎక్సోడస్టర్లు అంటారు. నికోడెమస్ పుట్టింది 1877లో, అంటే అంతకు రెండేళ్ల ముందే. కాబట్టి ఆ పేరు వీళ్లకి తగిలించకండి. డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్ల భూవ్యాపారి, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టరు కలిసి ఊరు కట్టించే కంపెనీ పెట్టారు. కెంటకీ రాష్ట్రంలో పంచిన కరపత్రంలో కాన్సాస్‌కి రావడానికి రేటు 5 డాలర్లు. ఆ సెప్టెంబరులో సుమారు 300 మంది కాన్సాస్‌లోని ఎల్లిస్ దాకా రైల్లో వచ్చి, అక్కణ్నుంచి 30 మైళ్లకు పైగా నడిచారు.

తీరా వస్తే ఊరేదీ? 1878లో వచ్చిన విలియానా హిక్‌మన్ అదే అడిగింది. నేలలోంచి లేస్తున్న పొగలు చూపించి, అదే నికోడెమస్ అన్నాడు మొగుడు. ఆవిడకి ఏడుపొచ్చేసింది.

పొగలు నేలలోంచి ఎందుకంటే, ఇళ్లు కట్టుకోడానికి అక్కడ కలప లేదు. గట్టు వాలులోకి గుంత తవ్వాలి. ముందువైపు గడ్డివేళ్లు అల్లుకున్న మట్టిపెళ్లలు ఇటుకల్లా పేర్చాలి. పైన వాసాలు, కంప, ఆపైన మళ్లీ పెళ్లలు. కోసిన పెళ్ల ఆ రోజే గోడకెక్కాలి, ఎండితే పొడైపోతుంది. వాన బయట ఆగినా లోపల ఆగదు, కప్పు మట్టి తాగిన నీళ్లన్నీ మెల్లగా నెత్తిన కారుతాయి. పంట సంగతి ఇంకా కష్టం. గడ్డినేలని మే, జూన్‌లలో దున్ని వేళ్లు కుళ్లనిస్తే గానీ గోధుమ వెయ్యలేరు. వీళ్లు దిగిందేమో సెప్టెంబరులో, చేతిలో సరిపడా నాగళ్లు లేవు, పశువులు లేవు. వేట నుంచి తిరిగొస్తున్న ఓసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లు పెట్టిన తిండి ఆ చలికాలం ఆదుకుందని ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇలా మొదలైన ఊళ్లో పదేళ్లకల్లా హోటలు, చర్చిలు, రెండు పత్రికలు. అక్కడ స్థిరపడ్డ ఎడ్విన్ మెక్‌కేబ్ 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు. 'చేతకాక ఖాళీ అయింది' అనేవాళ్లు ఈ పదేళ్లని ఎక్కడ దాచిపెడతారో!

ఇక రైలు. మిస్సోరి పసిఫిక్ అనే రైల్వే కంపెనీని రప్పించడానికి 1887లో 16,000 డాలర్ల బాండ్లకి, అంటే అప్పుకి, ఓటేశారు. రైలు రాలేదు. మరుసటేడు యూనియన్ పసిఫిక్ అనే ఇంకో కంపెనీ రైలు వచ్చింది గానీ సాలమన్ నదికి అవతలి ఒడ్డున, ఆరు మైళ్ల దూరంలో. అక్కడి రైల్వే క్యాంపే బోగ్ అనే ఊరైంది. ధాన్యం ఎక్కడ అమ్మితే ఉప్పూ పప్పూ అక్కడే కొంటాడు రైతు. దాంతో నికోడెమస్ వ్యాపారులు దుకాణాలెత్తేసి బోగ్‌కి పోయారు.

ఇక్కడితో ఆపేసి పాపమంతా రైలు మీద వేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. రైలొచ్చిన బోగ్ ఏమైంది మరి? ఇవాళ అక్కడా రెండొందల మంది లేరు. ఈ రెండు ఊళ్లూ ఉన్న గ్రాహం కౌంటీ జనాభా 1910లో 8 వేలు దాటింది, 2020కి మిగిలింది 2,415. రైలు తీసుకెళ్లింది బజారుని. పల్లెని ఖాళీ చేసింది ఎకరాల లెక్క. అక్కడ భూమిని కొలిచే పద్ధతిలో, ఆరు మైళ్లు పొడవు, ఆరు మైళ్లు వెడల్పు ఉండే టౌన్‌షిప్ అనే చదరంలో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. కొత్తగా స్థిరపడేవాళ్లకి ప్రభుత్వ భూమి పంచిన హోమ్‌స్టెడ్ చట్టం ఇచ్చిన 160 ఎకరాల చొప్పున చూస్తే 144 కుటుంబాలు. 160 ఎకరాలంటే మన కోనసీమలో జమీందారీయే! ఏడాదికి ఇరవై అంగుళాల చిల్లర వాన పడే మెట్టలో మాత్రం బొటాబొటీ బతుకు. ట్రాక్టర్లు, కంబైన్లు వచ్చాక ఒక్కో కుటుంబం నాలుగేసి సెక్షన్లు చేసిందనుకోండి, అదే నేలకి తొమ్మిది కుటుంబాలు చాలు. బడికి పిల్లలెక్కణ్నుంచి వస్తారు? నికోడెమస్ పోస్టాఫీసు 1953లో మూతపడింది.

ఆ 14 కూడా రాయి మీద గీత కాదు. 2020లో జనాభా లెక్కలు తీసే సెన్సస్ బ్యూరో వ్యక్తుల వివరాలు బయటపడకుండా, రాష్ట్రాల మొత్తం జనాభాని మాత్రం వదిలేసి, కింది స్థాయి అంకెల్ని కావాలనే కాస్త అటూఇటూ చేసింది. నెబ్రాస్కాలో ఒకే ఒక్క మనిషున్న మోనోవైకి ఇద్దరని వచ్చింది ఇందుకే! లక్షల ఊరికి ఇదేం లెక్కలోకి రాదు గానీ, 14 మంది ఊళ్లో ఒకరిద్దరి తేడా అంటే ఒక ఇల్లు. పాత లెక్కలతో పోల్చేటప్పుడు ఇంకో తిరకాసు: ఆ అంకె ఊరిదా, చుట్టుపక్కల పొలాలన్నీ కలిసిన టౌన్‌షిప్‌దా అన్నది ముందు చూడండి. రెండూ కలిపి గ్రాఫు గీస్తే ఊరు రాత్రికి రాత్రే మాయమైనట్టు కనిపిస్తుంది.

కాన్సాస్ సిటీ నుంచి డెన్వర్‌కి ఐ-70 హైవే మీద పోయే మనవాళ్లు చాలామందే. ఈసారి ఉత్తరానికి తిరిగి యూఎస్-24 ఎక్కండి, ఊరు రోడ్డు మీదే. 1996 నుంచి జాతీయ చారిత్రక స్థలం. టౌన్‌షిప్ హాలు, రెండు చర్చిలు, బడి, హోటలు, మొత్తం ఐదు పాత కట్టడాలు చూడొచ్చు. వీలైతే జూలై ఆఖరి వారాంతంలో వెళ్లండి. ఊరి సంతతివాళ్లు దేశం నలుమూలల నుంచి వందల్లో దిగే హోమ్‌కమింగ్ అప్పుడే. సెన్సస్ తలలు లెక్కపెట్టేది మాత్రం ఏప్రిల్ 1 నాటికి.