నోటితో పెట్రోల్ లాగడం టాలెంట్ కాదు

బండి ట్యాంకులోంచి పెట్రోల్ తీయాలంటే చాలామందికి ఇప్పటికీ తెలిసింది ఒక్కటే పద్ధతి. పైపు ముక్క దూర్చడం, నోటితో గట్టిగా పీల్చడం, బకెట్లోకి వదలడం. పైగా దాన్ని వీడియో తీసి ‘రెండు నిమిషాల్లో ట్యాంక్ ఖాళీ’ అని పెట్టేవాళ్లు, కింద ‘సూపర్ అన్నా’ అనేవాళ్లు. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతోంది.

ట్యాంకు ఖాళీ చేయాల్సిన అవసరం ఎవరికైనా వస్తుంది. డీజిల్ బండిలో పెట్రోల్ కొట్టించేస్తారు. నెలల తరబడి మూలన పడున్న బండిలో పెట్రోల్ పాడవుతుంది. ఎలాగో నీళ్లు దిగుతాయి. ఆ పని ఇంట్లో చేసుకోకూడదని నేననను. కానీ పెట్రోల్ అంటే ఒలికితే గుడ్డతో తుడిచేసే ద్రవం అన్నట్టు చూస్తారే, నా గొడవంతా దాని గురించే. అంటుకునేది ద్రవం కాదు, ఆవిరి.

మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ అంటుకునేంత ఆవిరి వదులుతుంది. గాలిలో ఆ ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకి భగ్గుమంటుంది. గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి పైకి తేలిపోదు. మంచి ఎండలో పెట్రోల్ డబ్బా మూత తీసినప్పుడు నేల మీద దాని నీడను ఎప్పుడైనా గమనించారా? డబ్బా అంచు మీదుగా ఏదో వణుకుతూ కిందికి జారుతున్నట్టు కనిపిస్తుంది. అదే ఆవిరి. అలాగే నేలబారున పాకుతూ పోతుంది. దూరంగా ఉన్న గ్యాస్ గీజర్ మంట దాకానో, టక్కుమని ఆన్ అయ్యే ఫ్రిజ్ దాకానో వెళ్తుంది. అందుకే ‘షెడ్డు తలుపు తీసే ఉంచాం కదా’ అన్న మాట నాకు వినబుద్ధి కాదు. ఈ పని ఆరుబయటే చేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ వైరు ట్యాంకు మూత తీయకముందే విప్పాలి, ఎందుకంటే ఆ విప్పేటప్పుడూ రవ్వ వస్తుంది. అందరూ మొబైల్ గురించి భయపడతారు గానీ, నాకు భయం వెలుతురు కోసం వేలాడదీసే గాజు బల్బంటే. అది కింద పడి పగిలితే చాలు.

ఇక నోటితో లాగడం. పెట్రోల్ మింగితే కడుపుకేమవుతుందోనని కంగారు పడతారు. అసలు ముప్పు ఊపిరితిత్తులకి. కొంచెం అటు జారినా రసాయనాల వల్ల వచ్చే న్యుమోనియా పట్టుకుంటుంది. అందుకే మింగినవాళ్ల చేత బలవంతంగా వాంతి చేయించకూడదు. కక్కేటప్పుడు అది మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లడమే.

ఇంతా చేస్తే రబ్బరు బల్బు ఉన్న చేతిపంపు ఒకటి ఉంటే ఈ గొడవే లేదు. నాలుగుసార్లు నొక్కితే పారదర్శకమైన పైపులో పెట్రోల్ ఎక్కడం కళ్లకు కనిపిస్తుంది. డబ్బా ట్యాంకు కన్నా కింద ఉంటే ఇక దానంతటదే దిగుతుంది. ఆపాలంటే పైపు కొసను ట్యాంకులో పెట్రోల్ మట్టం కన్నా పైకి ఎత్తితే సరి. పట్టేది మాత్రం బకెట్లో కాదు. పారే పెట్రోల్ స్థిరవిద్యుత్తు పుట్టిస్తుంది, ప్లాస్టిక్ బకెట్ దాన్ని వదలదు, నోరు తెరుచుకుని ఆవిరి చిమ్ముతూనే ఉంటుంది. ఇంధనం కోసమే చేసిన డబ్బాను నేల మీద పెట్టి పట్టాలి, అంచుదాకా నింపకూడదు. పక్కన పొడి చల్లే అగ్నిమాపక సిలిండర్ ఉండాలి. నీళ్లు పోస్తే పెట్రోల్ వాటి మీద తేలి మంటను ఇంకో చోటికి మోసుకెళ్తుంది.

కార్బురేటర్ బైకుకైతే ట్యాంకు కింద పెట్రోల్‌ని ఆపే, వదిలే చిన్న ట్యాప్ లాంటి కాక్‌కి పైపు తగిలిస్తే సరిపోతుంది. కొన్నింటిలో ఇంజిన్ ఆగితే ఆ కాక్ మూసుకుంటుంది, పెట్రోల్ రాలేదని పీకి పారేయకండి. కొత్త కార్ల సంగతి వేరు. చాలావాటిలో నింపే గొట్టంలోనే అడ్డు ఉంటుంది, పైపు దిగదు. బలవంతంగా తోస్తే ఆ అడ్డు విరుగుతుంది, లేదా పైపు ఇరుక్కుంటుంది. ఫ్యూయల్ లైను విప్పుదామంటే అందులో పెట్రోల్ ఒత్తిడితో ఉంటుంది, మొహం మీదికే చిమ్ముతుంది. అది మెకానిక్ పని. తప్పు ఇంధనం పడ్డ బండికైతే తాళం కూడా తిప్పకండి. చాలా బండ్లలో తాళం తిప్పగానే పంపు పనిచేసి ఆ చెత్తను ఇంజిన్ దాకా పంపేస్తుంది.

తీసిన పెట్రోల్‌ని మురుగుకాల్వలో పోసేవాళ్లకి దండం. ఆవిరి మూసి ఉన్న కాల్వల్లో చేరి ఎక్కడ అంటుకుంటుందో ఎవరికీ తెలియదు. పాడైనదాన్ని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటే ఇవ్వాలి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఆ తర్వాతి సీను. ట్యాంకు ఖాళీ అయింది కదా అని చిల్లుకి వెల్డింగ్ పెట్టడం. నిండు ట్యాంకులో ఆవిరికీ గాలికీ చోటుండదు, ఖాళీ ట్యాంకులో ఆ రెండూ కలిసి ఉంటాయి, పేలేది అదే. రెండు రోజులు ఎండలో పెట్టాం, నీళ్లతో కడిగాం అంటారు. అతుకుల్లో, తుప్పు పొరల్లో ఇంకిన పెట్రోల్ వెల్డింగ్ వేడికి మళ్లీ ఆవిరవుతుంది. ట్యాంకుల్ని పూర్తిగా శుద్ధి చేసి అతికే పనివాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గరికి పంపించండి.