దొంగసాక్షి స్టాపర్ గారికి

మహారాజశ్రీ సీటు బెల్టు అలారం స్టాపర్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీ దగ్గర ఆ 'ఉభయ' కుదరడం లేదు. మీరెప్పుడూ క్షేమమే. కారు నుజ్జయినా మీరు మాత్రం సీటు పక్కన బెల్టు గుచ్చే బకిల్లో చెక్కుచెదరకుండా, నెత్తిన కంపెనీ లోగో మెరుస్తుండగా కూర్చునే ఉంటారు.

బెల్టు కట్టుకోకుండానే అలారం ఆపడానికి బకిల్లో గుచ్చే ముక్క మీరు. చూడ్డానికి బెల్టు చివరి ఇనుప నాలుకలాగే ఉంటారు, వెనకాల బెల్టే ఉండదు. మీ అన్నదమ్ముల్లో కొందరికి సీసా మూత తీసే ముక్కు కూడా ఉంది. స్టీరింగు పక్కన ఆ పనిముట్టు ఎందుకని మేం అడగం. అది మీ ఇంటి గుట్టు.

2019 జులై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లలో డ్రైవరూ పక్కవాళ్లూ బెల్టు పెట్టుకోకపోతే గోల చేసే అలారం తప్పనిసరి. దాని నోరు మూయించడమే మీ నేరం అనుకుంటారు జనం. అది చిన్న నేరం. అసలుది దొంగసాక్ష్యం. బకిల్ లోపల చిన్న స్విచ్ ఉంటుంది. నాలుక దిగి టక్కుమనగానే 'మనిషి బెల్టు కట్టుకున్నాడు' అని కంప్యూటర్‌కి కబురు వెళ్తుంది. ఆ కబురు మీరు పంపుతున్నారు. పాపం, అది నమ్ముతోంది.

నమ్మి ఏం చేస్తుందో వినండి. కారు గుద్దుకోగానే బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌లోని కాస్త పేలుడు మందు పేలి, బెల్టులో ఉన్న వదులును కొన్ని సెంటీమీటర్ల మేర లాగేస్తుంది. ఇదంతా రెప్ప వాల్చేలోపే. ఆ తర్వాత ఛాతీ మీద భారం మరీ పెరిగితే, పక్కటెముకలు విరగకుండా లోడ్ లిమిటర్ బెల్టును కొంచెం కొంచెంగా వదులుతుంది. మీరున్న కార్లో ఈ మర్యాదలన్నీ తలుపు పక్క స్తంభానికి వేలాడే ఖాళీ బెల్టుకి జరుగుతాయి. కొన్ని కార్లలోనైతే బెల్టు ఉన్నవాళ్లకి ఒక లెక్క, లేనివాళ్లకి ఒక లెక్క చూసి ఎయిర్‌బ్యాగ్‌ని విప్పుతారు. అక్కడ మీ సాక్ష్యం విని బ్యాగ్ 'ఇంకా నా అవసరం రాలేదులే' అని ఆగిపోవచ్చు.

'ఎయిర్‌బ్యాగ్ ఉందిగా' అనేది మీ అభిమానుల ఊతపదం. స్టీరింగు మీద ఎస్ఆర్ఎస్ అని ఉంటుంది, చదివారా? మొదటి అక్షరం సప్లిమెంటల్. అంటే బెల్టుకు తోడు వచ్చేది. బ్యాగ్ సెకనులో ముప్పయ్యో వంతులో ఉబ్బుతుంది. బెల్టు లేని మనిషి అప్పటికే ముందుకు తూలి ఉంటాడు. పొంగుతున్న బ్యాగ్ అతని మొహానికి దిండు కాదు, గుద్దు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దడమంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి, కింద పడడమే. డాబా మీద పిట్టగోడ లేకపోతే పిల్లల్ని ఎక్కనివ్వం. అదే పిల్లల్ని కార్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం.

వెనక సీటు సంగతి మీకంత పట్టదు, ఎందుకంటే అక్కడ మీ అవసరం కూడా లేదు. సీటు కవర్లు కుట్టినవాడే బకిళ్లను కిందికి తోసేసి పుణ్యం కట్టుకున్నాడు. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు గుద్దుకుంది. వెనక కూర్చున్న ఇద్దరూ, అంటే మిస్త్రీ, ఇంకొకరు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ ఇద్దరూ పోయారు. ముందున్న ఇద్దరూ తీవ్ర గాయాలతో బతికారు. కారు ఖరీదైనదే.

మీ చుట్టాల్నీ పలకరించాలి కదా. బెల్టును ముందే బకిల్లో పెట్టి దాని మీద కూర్చునే బాపతు ఒకటి. టోల్‌గేట్ కనబడగానే పైటలా భుజాన వేసుకునే బాపతు ఇంకొకటి. నొక్కుకుంటోందని చంక కింది నుంచి తీసేవాళ్లు మూడో రకం, వీళ్లకి విరిగేది పక్కటెముకలే. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఆనాలి. గర్భిణులకైతే పొట్ట కిందుగా. పై పట్టీ మెడకు రాసుకోకుండా భుజం మధ్య నుంచి దిగాలి. మెలికలు ఉండకూడదు. మెడకు తగిలితే స్తంభం మీది మీటతో ఎత్తు తగ్గించుకోవచ్చు, చాలా కార్లలో ఆ మీట ఉంది, కదిపినవాళ్లే తక్కువ. మెల్లగా లాగితే వచ్చి, చటుక్కున లాగితే బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మీమీద సర్కారుకీ కోపం వచ్చింది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశంతో ఆన్‌లైన్ దుకాణాల నుంచి మీవాళ్ల 13,118 ప్రకటనలు దిగిపోయాయి. అంతకు ముందు ఏడాది, 2022లో, బెల్టు లేక చనిపోయినవాళ్లు కేంద్రం లెక్కల్లో 16,715 మంది. అందులో సగానికి కొంచెం తక్కువ మంది డ్రైవర్లు కాదు, పక్కనో వెనకో కూర్చున్నవాళ్లు. బెల్టు లేకపోతే జరిమానా 1000 రూపాయలు. మిమ్మల్ని కొన్న డబ్బులు దానికి అదనం.

మీకు ఉద్యోగం పోతుందని బెంగ వద్దు. బకిల్ మీది ఎర్ర మీట నొక్కితే మీరు టక్కున బయటికొస్తారు. సీసా మూత తీసే ముక్కు ఎలాగూ ఉంది, ఇంట్లో వంటగది సొరుగులో చోటు చూశాం.

ఇట్లు,
మీరు ఆక్రమించిన బకిల్ తరఫున