11 టెరాబైట్ల ఖాళీ, ఒక్క ఫొటోకు చోటు లేదు

మొన్న రాత్రి 6 మెగాబైట్ల ఫొటో ఒకటి ఇంట్లో ఉన్న స్టోరేజ్ సర్వర్‌లోకి కాపీ చేయబోతే ‘డిస్కులో చోటు లేదు’ అంది. అదే తెరమీద, అరంగుళం కింద, 11 టెరాబైట్లు ఖాళీ అని రాసి ఉంది. రెండు ముక్కలూ ఒకే యంత్రం, ఒకే క్షణాన, ఏ సిగ్గూ లేకుండా చెప్పింది. 11 టెరాబైట్లంటే అలాంటి ఫొటోలు పద్దెనిమిది లక్షలు పడతాయి. నేనడిగింది ఒక్కటి.

నా దగ్గరున్నవి నాలుగు డిస్కులు: రెండు 4 టెరాబైట్లవి, రెండు 8వి. డబ్బాల మీది లెక్క ప్రకారం 24. విండోస్ లెక్కలో 21.8. తయారీదారు వెయ్యితో లెక్కపెడతాడు, విండోస్ 1024తో భాగిస్తుంది, మధ్యలో పోయిన రెండు టెరాబైట్లకు పైన మనం వదులుకుని ఊరుకోవాలి. అది చిన్న సంగతి. అసలు సంగతి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మాట. ఈ నాలుగు డిస్కులనూ కలిపి ఒకే షేర్డ్ ఫోల్డర్‌గా చూపిస్తాం, ఏ ఫైలు ఏ డిస్కులో ఉందో మీకెందుకు అంది. మర్యాదగానే అంది. మీకెందుకు!

లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే ఒక సత్రాన్ని ఊహించుకోండి. నాలుగు గదులు, ఒక గుమాస్తా. నా ఫొటో గడప దగ్గర నిలబడి దణ్ణం పెట్టింది.

“అయ్యా, చిన్నప్రాణిని. ఓ మూల సర్దుకుంటాను.”

“ఏ ఫోల్డర్ మీది?”

“ప్రయాణాలు అండీ.”

“ప్రయాణాల వాళ్లు 1వ గదిలో ఉంటారు. నిండిపోయింది. వెళ్లిరండి.”

“పక్క గది?”

“కాస్త ఖాళీ ఉంది.”

“దాని పక్కది?”

“అది మొత్తం ఖాళీయే. 8 టెరాబైట్ల గది. ఊడ్చి పెట్టాం.”

“అయితే నన్నందులోకి పంపించండి.”

“అందులో మీవాళ్లెవరైనా ఉన్నారా?”

“ఖాళీ గది అన్నారు కదండీ, ఎలా ఉంటారు?”

“అదే నేనూ అంటున్నాను. మీవాళ్లు లేని గదిలోకి మిమ్మల్నెలా పంపను?”

“ఎవరో ఒకరు ముందు వెళ్తే కదండీ మావాళ్లు ఉండేది!”

“వెళ్లాలంటే ముందే ఉండాలి బాబూ. నిబంధన.”

ఇంతలో ‘కొత్త ఫోల్డర్ 7’ వచ్చింది. ముందూ వెనకా ఎవరూ లేరు, లోపల ఒక్క ఫైలూ లేదు. గుమాస్తా చటుక్కున లేచి 8 టెరాబైట్ల గది తాళంచెవి దాని చేతిలో పెట్టాడు. దానికి నిబంధన అడ్డురాదు, ఎందుకంటే దానికి బంధువుల్లేరు. ఆ వెనకే 40 గిగాబైట్ల వీడియో ఒకటి తల లోపలికి పెట్టింది. మొత్తం ఒళ్లు ఎంతుందో గుమాస్తా అడగడు. అడిగే అలవాటే లేదు. తల ఒక్కటీ చూసి 2వ గది రాసేశాడు. 30 గిగాబైట్లు లోపలికి దూరాక ఎదర గోడ తగిలింది. మిగతా 10 వీధిలో నిలబడ్డాయి. గుమాస్తా తాపీగా పుస్తకంలో ‘చోటు లేదు’ అని రాసుకుని మళ్లీ కూర్చున్నాడు.

ఇదేదో నేనల్లిన కథ అనుకోకండి. మొదటిదాన్ని ‘ఎగ్జిస్టింగ్ పాత్’ విధానం అంటారు, అంటే ఆ ఫోల్డర్ ఇప్పటికే ఉన్న డిస్కులోనే కొత్త ఫైలూ పెట్టడం. ఒక ఆల్బమ్ నాలుగు డిస్కుల మీద చెల్లాచెదురు కాకూడదన్న సదుద్దేశం. రెండోదానికి, అంటే ఆ వీడియో అవస్థకు, మందు ‘మినిమమ్ ఫ్రీ స్పేస్’ అనే అంకె. ఖాళీ అంతకన్నా తగ్గిన డిస్కుకు కొత్త ఫైలును పంపరు. మీరు పెట్టబోయే అతి పెద్ద ఫైలు కంటే అది పెద్దదిగా ఉండాలి. మీ జీవితంలో రాబోయే అతి పెద్ద ఫైలు ఎంతో ఇప్పుడే చెప్పేయాలన్నమాట. జాతకం చూపించుకుని వచ్చి నింపాలి ఆ గడి.

ఇక మిగతా విధానాలు. ఇలా డిస్కులను కలిపి చూపించే సాఫ్ట్‌వేర్లలో మెర్జర్‌ఎఫ్ఎస్ అనేదానిలో డజనుకు పైనే ఉన్నాయి: ఎక్కువ ఖాళీ ఉన్నదానికి పంపేది, తక్కువ ఖాళీ ఉన్నదాన్నే ముందు నింపేది, వరసలో ముందు దొరికినదానికి తోసేది, కళ్లు మూసుకుని ఏదో ఒకదాంట్లో పడేసేది. అన్‌రెయిడ్ అనే ఇంకోదాంట్లో ‘హై వాటర్’ అని ఒకటుంది. అతి పెద్ద డిస్కులో సగాన్ని గీతగా పెట్టుకుని, ఖాళీ ఆ గీతకు దిగేదాకా ఒక్కో డిస్కూ నింపుకుంటూ వెళ్లి, అన్నీ అయ్యాక గీతను మళ్లీ సగం చేస్తుంది. వినడానికి బాగుంది. దాని పక్కనే ‘స్ప్లిట్ లెవెల్’ అని ఇంకో గడి ఉంది, ఫోల్డర్లను ఎంత లోతు వరకు వేరువేరు డిస్కులకు పంచవచ్చో చెప్పేది. ఈ రెండింటికీ తగువొస్తే స్ప్లిట్ లెవెల్ మాటే చెల్లుతుంది. డిస్కుల సంగతి మనకెందుకన్న పెద్దమనుషులు మనల్ని నింపమన్న గడులివి.

ఇందులో నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. ఒక పండితుడు ‘పెళ్ళి’ అని రాస్తాడు, ఇంకొకాయన ‘పెళ్లి’ అని రాస్తాడు, మా ఇంట్లో మా ఆవిడ మొదటి పక్షం, నేను రెండో పక్షం. సర్వర్ ఇద్దరినీ సమానంగా గౌరవించి రెండు ఫోల్డర్లు చేసి రెండు డిస్కుల్లో పెట్టింది. ఒకే పెళ్లికి సగం ఫొటోలు 2వ డిస్కులో, సగం 4లో. వధువు ఒకచోట, వరుడు ఒకచోట.

ఈ ‘మీకెందుకు’కు చరిత్ర కూడా ఉంది. 2007లో మైక్రోసాఫ్ట్ విండోస్ హోమ్ సర్వర్ తెచ్చింది. అందులో డ్రైవ్ ఎక్స్‌టెండర్ అనేది ఎన్ని డిస్కులు తగిలించినా అన్నీ ఒకే గోదాములా చూపించేది. షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైలును అక్కడే తెరిచి మారిస్తే కొన్నిసార్లు పాడైపోతోందని ఆ ఏడాది చివర్లో ఆ సంస్థే ఒప్పుకుంది. జాగ్రత్తపడమన్న ప్రోగ్రాముల జాబితాలో సొంత ఫొటో గ్యాలరీ, సొంత వన్‌నోట్ కూడా ఉన్నాయి. ఒకటే డిస్కు ఉన్నవాళ్లకు మాత్రం ఏ బాధా లేదు. అంటే పలు డిస్కుల కోసమే పుట్టిన వస్తువు, పలు డిస్కులుంటేనే చెడిపోయేది. సవరణ 2008 జూలైలో వచ్చింది. 2010 నవంబరులో ఆ ఎక్స్‌టెండర్‌నే ఎత్తేస్తున్నామన్నారు.

ఇంతవరకు నవ్వుతూనే చెప్పాను. మా నాన్న గొంతు సంగతి నవ్వుతూ చెప్పలేను. ఆయన పోయే ముందటి ఏడాది ఫోనులో తీసిన నాలుగు నిమిషాల రికార్డింగ్ అది. గుమ్మం దగ్గర నిలబడి తాళంచెవి ఎవరు పోగొట్టారని వాదిస్తుంటాడు. 1వ డిస్కు నిండింది కదా, కొన్ని చేత్తో పక్కకు జరుపుదామని, డిస్కు సొంత పేరుతో కనిపించే ఫోల్డర్ ఒక విండోలో, ఉమ్మడి పేరుతో కనిపించేది ఇంకో విండోలో తెరిచి, ఇందులోంచి అందులోకి కాపీ కొట్టాను. ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో పెట్టమంటారా అని అడిగింది. పెట్టమన్నాను. రెండూ ఒకటే ఫైలు. రాయడానికి తెరుస్తూనే దాన్ని ఖాళీ చేసింది, తర్వాత చదవడానికి వెళ్లింది. చదవాల్సిందీ అదే. పేరు ఉంది. సైజు 0.

ఇది ఈ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు తెలుసు. ఏళ్ల తరబడి తెలుసు. సహాయ పుటల్లో ఏదో మూల ‘ఇలా చేయకండి’ అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకున్నారు. చేయకూడనిదైతే ఆ రెండు తలుపులూ పక్కపక్కనే, ఒకే రంగు వేసి ఎందుకు తెరిచిపెట్టారయ్యా? వచ్చేదీ పోయేదీ ఒకే ఫైలని మీ సాఫ్ట్‌వేర్‌కు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? దాచిపెట్టింది అదే కదా! డిస్కు నిద్రపోతే దీపం బూడిదరంగులో ఉండాలా పచ్చగా ఉండాలా అని ఆలోచించడానికి తీరిక దొరికింది, ఈ ఒక్క పోలిక చూసుకోవడానికి దొరకలేదు. అడిగితే వాడుకరి పొరపాటట. బ్యాకప్ లేదా అట. లేదు. నాలుగింటికీ కాపలాగా ఐదో డిస్కు, ప్యారిటీ డిస్కు ఉంది. ఒక డిస్కు చచ్చిపోతే అది ఆదుకుంటుంది. ఫైలు తుడిచేస్తే మాత్రం ఆ తుడిచేయడాన్ని కూడా అంతే బుద్ధిగా, వెంటనే, తన లెక్కలో వేసుకుంటుంది.

మొన్నటి ఫొటో ఏమైందంటారా. 3వ డిస్కులో ‘ప్రయాణాలు’ అని ఒక ఖాళీ ఫోల్డర్ నా చేత్తో నేనే చేసి పెట్టాను. అందుకు మళ్లీ ఆ డిస్కు సొంత పేరున్న తలుపే తెరవాల్సి వచ్చింది. ఒక్కో క్లిక్కుకూ ముందు విండో పేరు రెండుసార్లు చదువుకున్నాను. గుమాస్తా లోపలికి తొంగి చూసి, ఓహో, మీవాళ్లు ఇక్కడా ఉన్నారా అని దారిచ్చాడు.

సర్వర్ మీద ఇప్పుడొక నోటుబుక్కు ఉంటుంది, పెన్సిలుతో సహా. 3వ డిస్కు పేజీలో ‘ప్రయాణాలు, మిగతావి 1లో’ అని రాశాను. ఇంట్లో ఎవరికి ఏ ఫొటో కావాలన్నా కంప్యూటర్ దగ్గరికి వెళ్లడం మానేశారు, అది ఏ డిస్కులో ఉందని నన్నే కేకేస్తున్నారు.